ఏకాంబరాన్ని ఒప్పించిన ఫోను

మొన్న పొద్దున కాఫీ కలుపుకుంటుంటే ఫోను మోగింది. నేను పనిచేసి రిటైరైన తిరుపతి ఆస్పత్రి నుంచి మెసేజీ. "మీ కళ్లు మీ ఒక్కరివే కావు. మీ మనవళ్ల నవ్వు చూడాల్సిన కళ్లు. ఆపరేషన్ వాయిదా వేయకండి. ఈ వారమే రండి."

నాకు శుక్లం ముదిరిందని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. ఇవాళా రేపూ అంటూ నేనే జరుపుకుంటూ వస్తున్నాను, అది నిజం. కానీ నాకు మనవళ్లు లేరు. అసలు పెళ్లే చేసుకోలేదు. పైగా ఆ వాక్యం రాసింది నేనే. ఉద్యోగంలో ఉండగా, రోగులకు జవాబులు పంపే ఆస్పత్రి ఫోను కోసం రాసిన బోలెడు వాక్యాల్లో అదొకటి. రాసిననాడు పక్కసీటు వాళ్లకు చదివి వినిపించి మురిసిపోయాను కూడా.

మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఆ రెండింటికీ మధ్య ఒక్క క్షణం కళ్లు తడయ్యాయి. అదీ నన్ను తినేస్తున్న సంగతి. లేని మనవడి నవ్వు కోసం నాకు కళ్లు చెమర్చడమేమిటి? అప్పటి నుంచి కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతున్నాను. టీవీ పెడతాను, కట్టేస్తాను. అలిపిరి దాకా నడిచి వస్తాను. ఏం చేసినా మనసు ఒకచోట నిలవడం లేదు. రాసి పారేస్తేనైనా కుదుటపడుతుందేమోనని కూర్చున్నాను.

ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో, ఇంకా ఎక్కడెక్కడో ఫోనులో మనుషులను ఒప్పించే ఉద్యోగాల్లోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. వాళ్లు చదవాలని నా ఆశ. నా ప్రమోషన్లు, సన్మానాలు ఇందులో ఉండవు. వాటి వల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

వద్దన్నవాళ్ల పక్కన

నా ఉద్యోగం పేరు కౌన్సెలర్. రోగులు 'మాట్లాడే మేడమ్' అనేవారు. అదే సరైన పేరని ఇప్పటికీ అనుకుంటాను. డాక్టరు ఆపరేషన్ చేయాలంటాడు, రోగి వద్దంటాడు, అప్పుడు నన్ను పిలుస్తారు. వరండాలో బెంచీ మీద రోగి పక్కన కూర్చుని, మాట్లాడి, లోపలికి పంపడం నా పని.

ఒప్పించడానికి నా దగ్గర రెండే పనిముట్లు ఉండేవి. ఒకటి విషయం విప్పి చెప్పడం. ఎన్ని రోజులు పడుకోవాలి, ఏం తినాలి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇదంతా. రెండోది గుండెను తట్టడం. ఇంకా సూటిగా చెప్పాలంటే ఏడిపించడం. నేను రెండోదాంట్లో గట్టిదాన్ని. పలమనేరు వైపు నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. గుండెకు ఆపరేషన్ అంటే ససేమిరా అన్నాడు. నేనొక్క మాట కూడా మాట్లాడలేదు. అతని ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతున్న చిన్నపిల్ల ముఖం మెల్లగా అతనివైపు తిప్పానంతే. కాసేపటికి లేచి వెళ్లి ఒప్పుకుని వచ్చాడు. డిశ్చార్జి అయ్యే రోజున నా దగ్గర ఆగి, "మీరు నాకు మంచి చేసినారో, నన్ను మోసం చేసినారో తెలీలేదు మేడమ్" అన్నాడు. రెండూ చేశాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను.

మా ప్రాంతంలో వద్దనడానికి ఒక మర్యాదైన పద్ధతి ఉంది. ఎవరూ మొహం మీద వద్దనరు. "స్వామి దగ్గరికి పోయొచ్చి చేపిచ్చుకుంటాం మా" అంటారు. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం డాక్టరుకూ ఉండదు, నర్సుకూ ఉండదు. తిరుపతిలో ఉద్యోగం చేస్తూ మొక్కును కాదనగలమా? కానీ పక్కన కూర్చుంటే నాకు తెలిసిపోయేది. నిజంగా మొక్కున్న మనిషి ఏ రోజు బయల్దేరేది, ఏ దారిన పోయేది, వెంట ఎవరెవరొచ్చేది అన్నీ చెబుతాడు. ఊరికే అన్న మనిషి తన చెప్పులు చూసుకుంటాడు. అప్పుడు నేను మొక్కు సంగతి ఎత్తేదాన్ని కాదు. టీ తెప్పించేదాన్ని. టీ సగం తాగాక అసలు కారణం బయటికొచ్చేది. ఒకరికి మత్తుమందు భయం, ఇంకొకరికి ఇంట్లో గొడ్లను చూసే దిక్కు లేదు, మరొకరికి తమ్ముడు ఆపరేషన్ బల్ల మీదే పోయాడు.

మాట తప్పుదారి పడితే వెనక్కి తీసుకోవచ్చు. మొహం మారడం కనిపిస్తుంది కదా, అక్కడే ఆపేస్తాం. బెంచీకి ఉన్న గొప్పదనమంతా అదే.

రెండు అరలు

తర్వాత ఫోను వచ్చింది. రోగి ఇంటికి వెళ్లాక ఆస్పత్రి నంబరుకు మెసేజీ పెడితే కంప్యూటరు జవాబిస్తుంది. మనిషి అక్కర్లేదు. జవాబులు మేమే ముందుగా రాసి పెట్టాలి. వచ్చిన మాటను బట్టి ఏ జవాబు పంపాలో అది ఎంచుకుంటుంది. ఇది తయారుచేసింది దిలీప్ అని తిరుచానూరు కుర్రాడు. మర్యాదస్తుడు, తొందరెక్కువ. నా వాక్యాలు చదివి, "మేడమ్, వీటికి రెండు అరలు కడదాం. గుండె అర ఒకటి, లెక్క అర ఒకటి. ఎవరికి ఏది పనిచేస్తాదో సూస్తాం" అన్నాడు.

మా సూపరింటెండెంటు గారికి ఆ ఆలోచన తెగ నచ్చింది. ఆయన పెద్ద సర్జన్. కత్తి పట్టుకుంటే ఆయనంతటివాడు జిల్లాలో లేడు. నోరు విప్పితే మాత్రం ఒప్పుకున్న రోగి కూడా లేచి వెళ్లిపోయేవాడు. అలాంటి మనిషికి, మాట్లాడకుండా ఒప్పించే యంత్రం దొరికింది. పండగే పండగ. ఆయన కూడా కూర్చుని ఉత్సాహంగా జవాబులు రాశాడు.

మొదటి దెబ్బ చిత్తూరు నుంచి తగిలింది. అక్కడ బెల్లం మండీలో గోవిందయ్య శెట్టి గారని వ్యాపారి. పిత్తాశయంలో రాళ్లు. ఆయనకు ఫోను గుండె అరలోంచి తీసి, "మీ చిరునవ్వే మీ ఇంటికి వెలుగు. మీ కోసం మా మనసు ఆరాటపడుతోంది" అని పంపింది. పావుగంటలో ఆయన నేరుగా నాకు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, ఆ మిషనుకు నా మీద ప్రేమేంది? అది నన్ను ఎప్పుడన్నా సూసిందా? మా ఇంట్లోవోళ్లే నా గురించి అంత ఆరాటపడరు గదమ్మా!"

"తప్పుగా అనుకోకండి శెట్టి గారూ. మీకేం తెలియాలో చెప్పండి."

"అంగడి ఎన్ని దినాలు ముయ్యాల? బెల్లం మూట ఎప్పట్నించి ఎత్తొచ్చు? అది జెప్పమను. ప్రేమ నాకొద్దు."

జవాబులు సాదాగా రాసి పంపాను. ఆయన వచ్చాడు, చేయించుకున్నాడు, వెళ్లాడు. నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. బెంచీ మీద పనిచేసిన తియ్యటి మాట ఫోనులో ఎందుకు వికటించింది? బెంచీ మీద ఆ మాట అనే ముందు నేను రోగి పక్కన గంట కూర్చునేదాన్ని. అతని దగ్గు వినేదాన్ని. అప్పుడు ఆ ప్రేమ నాకు చెల్లుతుంది. ఫోను ఏమీ చేయకుండానే ప్రేమ చూపిస్తుంది. అమ్మకానికి వచ్చినవాడి నవ్వులాగా ఉంటుంది.

దీన్నుంచి మా సూపరింటెండెంటు నేర్చుకున్న పాఠం వేరు. "అయితే వ్యాపారులకు, చదువుకున్నవాళ్లకు లెక్క అర పెడదాం. నేతపనివాళ్లు, కూలీలు, సేద్యగాళ్లు, వీళ్లకు గుండె అర. దేవుడు, బిడ్డలు, అవే వాళ్లకు ఎక్కేవి" అన్నాడు.

నాకు తిక్క రేగింది. "లెక్కలు వాళ్లకు మనకంటే బాగా తెలుసు సార్. ఒక్క రోజు పడుకుంటే పొయ్యి మీదికి ఏది తగ్గుతుందో నోటితో చెబుతారు" అన్నాను.

"ఇన్నేళ్లూ వాళ్లను ఏడిపించి ఒప్పించింది నువ్వే కదమ్మా!" అన్నాడాయన, నవ్వుతూనే.

నేను ఏడిపించేది మనిషిని చూసి, వృత్తిని చూసి కాదు. ఆ తేడా అప్పటికప్పుడు మాటల్లో పెట్టలేకపోయాను. దిలీప్ కంప్యూటరులో మార్పు చేసేశాడు. ఆ రోజు నుంచి రోగి వృత్తి ఏమిటో చూసి ఫోను అర తెరిచేది.

నగరి నుంచి వచ్చిన మనిషి

ఏకాంబరం నగరి దగ్గర మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. నాలుగు మగ్గాలు ఒక్కడే చూసేవాడు. పోగు తెగితే ముడివేయాలి, నూలు చుట్టిన కండె అయిపోతే మార్చాలి, ఈ మగ్గం నుంచి ఆ మగ్గానికి తిరుగుతూనే ఉండాలి. షిఫ్టు మొత్తం కూర్చోవడమన్నది ఉండదు. ఒట్టికాళ్లతో నిలబడే పని. షుగరు ఉంది. కుడికాలి బొటనవేలి కింద పుండు పడింది. ఈ షుగరు పుండ్లతో పెద్ద చిక్కు ఏమిటంటే నొప్పి తెలియదు. కాలు మొద్దుబారిపోయి ఉంటుంది. మేకు దిగినా చీమ కుట్టినట్టుండదు.

సూపరింటెండెంటు చూసి, "ఇప్పుడు వేలు తీస్తే వేలుతో పోతుంది. నాన్చితే ఎంత పోతుందో నేను చెప్పలేను" అన్నాడు. ఏకాంబరం విని, "ఇంట్లో అడిగి జెప్తా సార్" అని లేచాడు. నేను వరండాలోనే ఉన్నాను. వెనకటి రోజులైతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు ఆ పని ఫోనుది. అతను బస్టాండు ఆటో ఎక్కడం చూస్తూ నిలబడ్డాను.

తర్వాత వాళ్లింట్లో జరిగింది నాకు అతని కూతురు గీత చెప్పింది. గీత శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చాక తండ్రి పక్కన కూర్చుని ఆమే మెసేజీలు పెట్టేది. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఫోనులో టైపు చేసేది ఒకరు, కాలు ఇంకొకరిది, పొయ్యి దగ్గర నుంచి వింటున్నది మూడోవాళ్లు. మా కంప్యూటరు మాత్రం ఒక్క మనిషితోనే మాట్లాడుతున్నాననుకునేది.

ఫోను మొదట, "నొప్పి ఉందా?" అని అడిగింది.

"ల్యాదని రాయి" అన్నాడు ఏకాంబరం.

"చాలా సంతోషం!" అని జవాబు వచ్చింది. నొప్పి లేకపోవడమే ఆ కాలికి వచ్చిన ప్రమాదమని ఆ అరలో ఎవరూ రాసి పెట్టలేదు.

"ఆపరేషన్‌కు ఎప్పుడు వస్తున్నారు?" అని ఫోను మళ్లీ అడిగింది.

ఏకాంబరం కాసేపు నసిగాడు. తర్వాత, "ఆడికృత్తికకు కావడి ఎత్తాల, అది అయినాక వొస్తానని రాయి మే" అన్నాడు. తిరుత్తణి స్వామి గుడి వాళ్లకు దగ్గరే. ఆడికృత్తిక పండగ వచ్చిందంటే నగరి, పుత్తూరు చుట్టుపక్కల నుంచి జనం పసుపు గుడ్డలు కట్టుకుని, పూలకావడి భుజాన పెట్టుకుని, చెప్పుల్లేకుండా నడిచిపోతారు. గీత ఉన్నదున్నట్టు రాసింది.

కావడి అనే మాటకు జవాబు సిద్ధంగా ఉంది. సూపరింటెండెంటు గారు స్వయంగా రాసినది. "కావడి ఎత్తే భుజం ఎంత అదృష్టవంతమైనది! మీ మొక్కును మేం గౌరవిస్తున్నాం. స్వామికిచ్చిన మాట తప్పక తీరాలి. అది తీరాలంటే మీ కాలు క్షేమంగా ఉండాలి. అందుకే ముందు ఆపరేషన్‌కు రండి."

చదివితే తప్పు పట్టడానికేముంది? రమ్మని స్పష్టంగానే ఉంది. నేనైనా మార్కులు వేసేదాన్నే.

గీత గట్టిగా చదివింది. స్వామికిచ్చిన మాట తప్పక తీరాలి అనే దగ్గరికి వచ్చేసరికి పొయ్యి దగ్గర నుంచి తల్లి వల్లెమ్మ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది.

"మొక్కున్నావా? నాకొక మాటన్నా జెప్పలేదే! ఎప్పుడు మొక్కున్నావు? బిడ్డకు పని దొరికినప్పుడా?"

ఏకాంబరం ఏమనాలి? ఊరికే అన్నానంటే స్వామి పేరు అడ్డం పెట్టుకుని ఆస్పత్రికి అబద్ధం చెప్పినట్టు. అదీ పెళ్లాం ముందు, బిడ్డ ముందు. "ఊఁ" అన్నాడు.

అంతే. మిగతా సగం మెసేజీ గీత చదివిందో లేదో కూడా ఎవరికీ గుర్తులేదు. "అంత పెద్ద ఆస్పత్రోళ్లే తీర్చాల్సిందే అంటాండారు, ఇంగ మనమెవురు ఆపేదానికి?" అని వల్లెమ్మ మర్నాటి నుంచి ఒకపొద్దులు మొదలుపెట్టింది. పక్కింట్లో కావడి అడిగి తెచ్చింది. వీధిలో అందరికీ చెప్పింది. తప్పించుకోవడానికి అన్న మాట మా ఫోను దయవల్ల నిజం మొక్కై కూర్చుంది. ఏకాంబరాన్ని మేం నిజంగానే ఒప్పించాం. దేనికి ఒప్పించామన్నదే మాకు తెలియలేదు.

పసుపు గుడ్డలు

పండగ పొద్దున నేను ఆస్పత్రిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాను. ఫోను మామూలుగా అందరికీ పంపినట్టే ఏకాంబరానికీ, "మీరు ఎలా ఉన్నారు?" అని పంపింది. గీత జవాబుగా ఫొటో పెట్టింది. పసుపు గుడ్డలు, నుదుట విభూతి, భుజాన పూలకావడి. ముఖంలో నవ్వు లేదు. కుడికాలి కట్టుకు ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో బిగించారు. ఎడమకాలు ఒట్టిదే.

నేను చూస్తుండగానే ఫోను జవాబిచ్చింది. "ఫొటో పంపినందుకు ధన్యవాదాలు. మీ ముఖంలో వెలుగు చూసి మాకు ఆనందంగా ఉంది."

వెంటనే గీతకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. డప్పుల మోతలో ఆ పిల్లకు వినిపించలేదట. దిలీప్‌ను పిలిచి ఫొటో చూపించాను. "మేడమ్, పాదం మీద మన కట్టే గదా!" అని తెల్లబోయాడు. నేను సంచీ తీసుకుని బస్టాండుకు వెళ్లి నగరి బస్సెక్కాను. పుత్తూరు దాటాక బస్సు ఆగిపోయింది. రోడ్డంతా కావళ్లు. అరోహర అంటూ మనుషులు వరదలా పోతున్నారు. దిగి నడిచాను. ఎక్కడని వెతకను? అందరివీ పసుపు గుడ్డలే. నేను ముఖాలు చూడడం మానేసి కాళ్లు చూసుకుంటూ నడిచాను, ప్లాస్టిక్ కవరు కోసం. ఎండకు తారు మెత్తబడి ఉంది. చెప్పులున్న నాకే సెగ తగులుతోంది. ఆ మనిషికి ఆ సెగ కూడా తెలియదు కదా అనుకుంటే ఏడుపొచ్చింది. మధ్యాహ్నం దాకా తిరిగి, దొరక్క, వెనక్కి వచ్చేశాను.

ఆ వారంలోనే అతన్ని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. జ్వరం కాలిపోతోంది. కట్టు విప్పగానే నర్సు ముక్కు మూసుకుంది. సూపరింటెండెంటు వేరే పనులన్నీ ఆపేసి తనే ఆపరేషన్ చేశాడు. పాదం ముందుభాగమంతా తీసేయాల్సి వచ్చింది. మడమ మిగిలింది. ఇంకొకరైతే మోకాలి దాకా తీసేవారు. అది ఆయన చేతి గొప్పదనం, కాదనను.

బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నా దగ్గర ఆగాడు. "ఆ వాక్యం నేను రాసిందే కదా?"

"అవును సార్."

"చివర్లో ముందు ఆపరేషన్‌కు రమ్మని రాశాను."

"రాశారు సార్."

మర్నాడు ఆయనే దిలీప్‌ను పిలిచి ఆ జవాబు తీసేయించాడు. ఆ చోట లెక్క అరలోంచి ఒకటి పెట్టించాడు. షుగరు ఎంత ఉంటే కాలికి ఎంత ముప్పో చెప్పేది. దాన్ని చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక అర మూసి ఇంకో అర తెరిచాం. రెండు అరల్లోనూ మేం చెప్పాలనుకున్నదే ఉంది.

ఇప్పుడొస్తున్నవి ఇంకా తెలివైనవట. వాక్యాలు ఎవరూ రాసివ్వక్కర్లేదట, అవే అల్లుకుంటాయట. టైపు చేసే తీరును బట్టి ఈ మనిషి కన్నీళ్లకు లొంగుతాడా, అంకెలకు లొంగుతాడా అని పసిగడతాయట. దిలీప్ మొన్న ఫోన్ చేసి ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. "మేడమ్, మీ అనుభవంలో ఏది ఎక్కువ పనిచేస్తాది, గుండెనా లెక్కనా?" అని అడిగాడు. నేను విసుక్కున్నాను. రెండూ పనిచేస్తాయి నాయనా, కత్తి కూడా పనిచేస్తుంది. ఎక్కడ కోయాలో తెలియకుండా పదును గురించి అడుగుతావేమిటి అన్నాను. కుర్రాడు నొచ్చుకున్నాడు. నాకు వయసు పైబడి చాదస్తం వచ్చిందనుకుని ఉంటాడు. అనుకోనీ. ఎదుటి మనిషి నోరు తెరవకముందే జవాబు తయారుగా పెట్టుకునే పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది. ఆ జవాబు తీయగా ఉన్నా, సూటిగా ఉన్నా సరే.

నమ్మకం ఎందుకు పోయిందో చెప్పాలంటే వార్డులో జరిగింది చెప్పాలి.

వార్డులో

జ్వరం తగ్గాక ఒక సాయంత్రం ఏకాంబరం మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. వల్లెమ్మ కింద క్యాంటీనుకు వెళ్లింది. గీత డ్యూటీలో ఉంది. నేనేమీ మాట్లాడలేదు. అతనే మొదలుపెట్టాడు.

"మొక్కేం ల్యా మా. ఊరికే అన్నా."

"ఎందుకన్నావప్పా?"

"ఆ దినం డాక్టరు వేలు తీయాలన్నాడు గదా. వేలు ల్యాకుంటే మగ్గాల నడుమ నిలబడగలనా, తిరగగలనా? అది ఎవురూ జెప్పలేదు. అడుగుదామంటే సిగ్గేసింది. ప్రాణం గురించి మాట్లాడతాంటే వీడు పని గురించి అడగతాడే అనుకుంటారని. ఆ ఫోను జవాబిచ్చేటప్పుడల్లా సూస్తానే ఉన్నా, ఇప్పుడన్నా జెప్తాదేమో అని. స్వామిని గురించి జెప్పింది, బిడ్డను గురించి జెప్పింది. నిలబడొచ్చా ల్యాదా, అది మాత్రం రాలా."

ఆ శెట్టి గారు అడిగిందీ, ఇతను అడగాలనుకున్నదీ ఒకటే ప్రశ్న. ఆయన కసిరి అడిగాడు, ఇతను అడగలేకపోయాడు. వేలు ఒక్కటే పోయుంటే మెత్తటి చెప్పు వేసుకుని నిలబడగలడని మా ఆస్పత్రిలో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఆ మాట ఏ అరలోనూ లేదు.

అంతలో వల్లెమ్మ ఇడ్లీ పొట్లంతో వచ్చింది. నన్ను చూసి ముఖం విప్పారింది. "స్వామి దయ సూడండి మా. ఈయన మొక్కు తీర్చినాడు గాబట్టి మడమన్నా మిగిలింది. అందుకే నేనూ మొక్కున్నా, వొచ్చే ఏడు నించి ఏటా కావడి ఎత్తిస్తానని."

ఏకాంబరం నావైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. ఆమెను ఒప్పించమని అడుగుతున్నాడు. ఒప్పించడమే కదా నా వృత్తి. నా నోట్లో మాటలు బిలబిలమని వచ్చేశాయి. స్వామి క్షమిస్తాడమ్మా అనొచ్చు. పుండు మళ్లీ పడితే ఏమవుతుందో బొమ్మ గీసి చూపించొచ్చు. ఏదో ఒకదానికి ఆమె లొంగుతుంది, నాకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను పళ్లు బిగించి మింగాను. నా ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది అదే.

"ఏకాంబరం, నాతో అన్న మాట ఆమెతో అనప్పా" అన్నాను.

అతను మోచేతుల మీద లేచి ఆమె వైపు తిరిగాడు.

"నేను మొక్కుకోలేదు వల్లీ" అన్నాడు. "మగ్గాల కాడ నిలబడలేనేమోనని బయం. నిలబడకుంటే నన్నెవురు పెట్టుకుంటారు? ఆ బయానికే కావడి అన్నా."

స్వామి పేరు మీద అబద్ధమాడినందుకు ఆమె విరుచుకుపడుతుందనుకున్నాను. వల్లెమ్మ పొట్లం కిటికీ దగ్గర పెట్టింది. వచ్చి మంచం మీద, ఆ కట్టు పక్కన కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"ఇంతేనా?" అంది. "పెండ్లికి ముందు మా నాయన షెడ్డులో నాలుగు మగ్గాలు నడిపింది ఎవురనుకున్నావు? నువ్వు వొద్దంటేనే గదా మానుకున్నా. నీ కాళ్లు నిలబడకుంటే నాకు కాళ్లు ల్యావా? ఒక్క మాట నన్నడిగింటే, నువ్వు వేలు తీపిచ్చుకోను పోయిన దినమే నేను పోయి మగ్గాల కాడ నిలబడుందును గదా!"